చప్పుడు చేయని క్రియ!

అర్ధరాత్రి దాటింది. సెకండ్ షోకి వెళ్లిన కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ ఇంట్లోకి వచ్చాడు. ఈ తతంగాన్నంతా ఇంగ్లిషువాళ్లు 'స్నీక్' అంటూ ఒక్క మాటలో చెప్పేస్తారు. దాన్నే జర్మన్‌లోకి మార్చాలంటే మాత్రం అనువాదకుడు కాసేపు ఆగి ఆలోచించాల్సిందే.

జర్మన్‌లో దీనికి దగ్గరి మాట 'ష్లైషెన్'. అలికిడి కాకుండా మెల్లగా కదలడమని అర్థం. కానీ అన్నిచోట్లా అదొక్కటే సరిపోదు. ఎటు కదిలారో కూడా చెప్పాలి. పిల్లి నక్కి నక్కి ఎలుక దగ్గరికి వెళ్తే 'ఆన్‌ష్లైషెన్'. విందు మధ్యలో ఎవరికీ చెప్పకుండా జారుకుంటే 'డఫోన్‌ష్లైషెన్'. లోపలికి చొరబడితే 'ఐన్‌ష్లైషెన్'. మనిషి కాకుండా వస్తువును గుట్టుగా లోపలికి చేరవేస్తే అసలు క్రియే మారిపోతుంది... 'ష్ముగెల్న్' అనాలి. దొంగచూపు చూస్తే 'రహస్యంగా' అనే అర్థమిచ్చే 'హైమ్‌లిష్'ను పక్కన చేర్చాలి.

ఇంకో చిక్కూ ఉంది. ఆన్, డఫోన్ లాంటి ముక్కలు చాలాసార్లు క్రియను వదిలేసి వాక్యం చివర కూర్చుంటాయి. పిల్లి దగ్గరికొస్తోందో, జారుకుంటోందో తెలియాలంటే అప్పటిదాకా ఆగాల్సిందే! జర్మన్‌తో కుస్తీపట్టిన అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్, 1880లో ఇలా విడిపోయే క్రియల మీద బోలెడన్ని చలోక్తులు విసిరాడు.

మాట తప్పితే మనిషి మీద మచ్చ పడే ప్రమాదమూ లేకపోలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి చప్పుడు చేయకుండా దూరి దోచుకెళ్లేవాణ్ని జర్మన్‌లో 'ఐన్‌ష్లైష్‌డీబ్' అంటారు. డీబ్ అంటే దొంగ. కాబట్టి మన కుర్రాడికి తొందరపడి 'ఐన్‌ష్లైషెన్' తగిలిస్తే, అమ్మకు భయపడ్డ పిల్లాడు కాస్తా కన్నం వేయడానికి వచ్చినవాడిలా ధ్వనిస్తాడు. 'ఇంట్లోకి' అని చెప్పి, ఉత్త 'ష్లైషెన్' వాడితే చాలు.

అన్నట్టు, ఈ మాటకు మనకు తెలిసిన చుట్టం ఒకటుంది. తిరుమల శ్రీవారి సేవలో వాడే తైలాన్నిచ్చే పునుగు పిల్లి జాతిని జర్మన్లు 'ష్లైష్‌కాట్సె' అంటారు. అడుగుల సవ్వడి వినిపించని పిల్లి అన్నమాట!

ఇంతకీ మన కుర్రాడు దొరికిపోయాడు. లైటు వేసి అమ్మ అడిగింది... 'ఎక్కణ్నుంచిరా? ఎక్కడికి? ఎందుకిలా?' పెన్ను పట్టే ముందు అనువాదకుడు వేసుకోవాల్సిన ప్రశ్నలూ సరిగ్గా అవే.