పన్నులో దాక్కున్న నాలుగో దారి

రూట్ కెనాల్ అనగానే క్లినిక్ గోడ మీద పోస్టర్ గుర్తొస్తుంది. తెల్లటి పన్ను, దానికి రెండు వేర్లు, వాటిలో స్ట్రాలు పెట్టినట్టు నున్నటి ఎర్ర గొట్టాలు. ఆ బొమ్మని మరీ అంత నమ్మకండి. పన్ను లోపల దారులు మధ్యలో చీలిపోతాయి, మళ్లీ కలుస్తాయి. రెండిటికీ నడుమ సన్నటి సందులుంటాయి. వేరు చివర కొన్నిసార్లు, సముద్రం దగ్గర గోదావరి పాయలు విడిపోయినట్టు విడిపోతాయి. డాక్టర్లు దాన్ని నిజంగానే డెల్టా అంటారు.

ఇదేం కొత్త సంగతి కాదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వాల్టర్ హెస్ అనే డాక్టర్ వందేళ్ల కిందటే చూపించారు. పీకేసిన పళ్లు సుమారు 2,800 పోగేసి, లోపలికి రబ్బరు ఎక్కించి, అది గట్టిపడ్డాక పన్నుని యాసిడ్‌లో కరిగించేశారు. పన్ను పోయింది, దారుల అచ్చు మిగిలింది. 1917లో ఆ పని ప్రచురించారు. తర్వాత 1984లో అమెరికాలో వెర్టూచి 2,400 పళ్లలోకి రంగు ఎక్కించి, పళ్లని గాజులా చేసి, దారుల తీరుని 8 రకాలుగా విడదీశారు. బీడీఎస్ చదివే ఫ్రెండ్ ఉంటే ఆ పేరు చెప్పి చూడండి, ఎగ్జామ్ ముందు రాత్రి మొహం కనిపిస్తుంది.

రెండు పద్ధతులకీ ఒకటే చిక్కు. పన్ను నోట్లో ఉండకూడదు.

నాదేమో నోట్లోనే ఉంది. నంబర్ 26. డెంటిస్టుల లెక్కలో 2 అంటే పై ఎడమ వైపు, 6 అంటే మధ్య నుంచి ఆరోది. దీనికి మామూలుగా వేర్లు మూడే. దారులు మాత్రం చాలామందిలో నాలుగు. బుగ్గ వైపు ముందున్న వేరులో ఒకదాని వెనక ఒకటి రెండుంటాయి. ఆ రెండోదాన్ని ఎంబీ2 అంటారు. నాకు రూట్ కెనాల్ అయ్యి, క్యాప్ కూడా పెట్టాక, ఏడాది తిరక్కుండానే ఆ పక్క నమిలితే సలపడం మొదలైంది. ఎక్స్‌రేలో అంతా బానే ఉంది. "పీకించెయ్, పీడా పోతుంది" అన్నారు ఇంట్లో.

ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. అది ఉత్త నీడ, అంతే. దీపం ముందు రెండు వేళ్లు ఒకదాని వెనక ఒకటి పెట్టండి, గోడ మీద ఒక్క వేలే కనపడుతుంది. ఎంబీ2 కూడా అలాగే మొదటి దారి చాటున పడుతుంది. పై దవడలో అయితే బుగ్గ ఎముక నీడ కూడా వచ్చి మీద పడుతుంది. అందుకే మొదటి డాక్టర్‌ని తిట్టుకోవాలని నాకు పెద్దగా అనిపించలేదు.

రెండో డాక్టర్ సీబీసీటీ రాశారు. కోన్ బీమ్ సీటీ. గడ్డం ఆనించి కదలకుండా నిలబడితే మెషీన్ తల చుట్టూ తిరుగుతుంది. అర నిమిషం కూడా పట్టలేదు. తిరుగుతూ తీసిన వందల ఎక్స్‌రేలని కంప్యూటర్ కలిపి, పన్నుని బుల్లి బుల్లి ఘనాలతో కడుతుంది. వేర్ల కోసం తీసే స్కాన్‌లో ఒక్కో ఘనం మిల్లీమీటరులో పదో వంతు దగ్గర్లో ఉంటుంది. ఇక ఎటు నుంచి కావాలంటే అటు నుంచి కొయ్యొచ్చు. ఆవిడ స్క్రీన్ మీద నా పన్నుని క్యారెట్ చక్రాల్లా తరుక్కుంటూ వెళ్లి ఒక చోట ఆగారు. వేరులో తెల్ల చుక్క, అది పాత ఫిల్లింగ్. పక్కనే నల్ల చుక్క. ఎవరూ ముట్టని దారి. "అదిగో, దొరికింది" అన్నారు. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. మైక్రోస్కోప్ కింద మళ్లీ తెరిచి ఆ దారి శుభ్రం చేశారు. 26 ఇంకా నా నోట్లోనే ఉంది.

అలాగని అందరూ స్కాన్‌కి పరిగెత్తక్కర్లేదు. దీని రేడియేషన్ మామూలు పంటి ఎక్స్‌రే కన్నా ఎక్కువ. ముందు ఎక్స్‌రే, అదనపు దారి ఉందన్న అనుమానం వచ్చినా పాత రూట్ కెనాల్ ఫెయిలైనా అప్పుడు ఆ కాస్త మేర వరకే సీబీసీటీ. పైగా మెటల్ క్యాప్ ఉంటే బొమ్మ మీద గీతలు పడి కావలసిందే కనపడకుండా పోవచ్చు.

ల్యాబుల్లో దీనికో పెద్దన్న ఉంది, మైక్రో సీటీ. సన్నసన్నటి సందులు కూడా పట్టేస్తుంది. డోసూ టైమూ ఎక్కువ కాబట్టి పీకిన పళ్లకే వాడతారు. హెస్ పద్ధతిలోలా పన్ను కరిగిపోదు కాబట్టి, అదే పన్నుని రూట్ కెనాల్‌కి ముందూ తర్వాతా స్కాన్ చేసి పోల్చొచ్చు. 2001లో పీటర్స్ బృందం, అదీ హెస్ ఊరు జ్యూరిక్‌లోనే, పై దవడ పళ్లలో అలా చూస్తే, ఏ రకం ఫైల్ వాడినా దారుల గోడల్లో 35 శాతం, ఆ పైన, ఫైల్ తగలనే లేదు. ఫైల్ గుండ్రం, దారి చాలాచోట్ల గుండ్రం కాదు. మూలలు మిగిలిపోతాయి. అక్కడికి వెళ్లగలిగేది ద్రవమే. సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్‌లో ఉండే మందే. నోటికి రబ్బరు షీట్ బిగించి డాక్టర్ సిరంజితో కడిగిందే మళ్లీ మళ్లీ కడుగుతుంటే విసుక్కోకండి. ఫైల్‌కి అందని ఆ మూలల్లోకి మందుని పంపిస్తున్నారు.