మీకు తెలుసా? వంకలో ఆపితే బెల్టు కదలదు

బాగా ఒరిగి నిలిచిన బండిలో సీటు బెల్టు బిగుసుకుపోతే అది చెడిపోయినట్టు కాదు, సరిగ్గా పనిచేస్తున్నట్టు!

చాలా బళ్లలో బెల్టు చుట్టుకునే డబ్బాలో చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. బండి ఒరిగినా, గట్టిగా బ్రేకు పడినా గోళీ దొర్లి, పైనున్న మీటను లేపి పళ్లచక్రంలో ఇరికిస్తుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం 12 డిగ్రీల వాలు దాకా లాక్ పడకూడదు, 27 దాటితే పడి తీరాలి. అనంతపురం పల్లెల్లో ఎండిన వంకలోకి ఒక పక్క చక్రాలు దించి ఆపిన పాత ఎస్‌యూవీలో బెల్టు రాకపోతే, ముందు బండిని చదునైన చోటికి తీయండి. బెల్టును కాస్త లోపలికి వదిలి, మెల్లగా లాగండి. విసురుగా లాగినా లాక్ పడుతుంది. దానికి వేరే ఏర్పాటుంది.

బెల్టు వెనక్కి చుట్టుకోకపోతే మాత్రం చాలాసార్లు కారణం చెమట, ఎర్రమట్టి దుమ్ము. సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. నూనె పొయ్యొద్దు, డబ్బా అసలే విప్పొద్దు.

బెల్టు సంగతి అలా ఉంచితే, బండిలో మరో చిక్కు: చలికాలం తెల్లవారుజామున హీటరు చల్లగాలి కొడుతోందా? కూలెంట్ చూడండి. హీటరుకు వేడి మోసుకొచ్చేది అదే. దాని బదులు బోరునీళ్లు పోస్తే సున్నం సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. రేడియేటర్ మూత ఇంజను చల్లారాకే తియ్యాలి.