గోవాడ ఎండలో ఓవర్‌క్లాకింగ్

ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. దాన్ని నేర్పే వీడియోలు చాలావరకు చలిదేశాల్లోనో ఏసీ గదుల్లోనో తీసినవి. వాటిలో చూపించిన అంకెల్నే చోడవరం పక్కన గోవాడలో, మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్ మాత్రమే తిరిగే గదిలో పెడితే ఏమవుతుందో ముందే లెక్కవేసి చెప్పవచ్చు.

ప్రాసెసర్ తాగే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజితోనైతే వర్గం లెక్కన పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో 100 వాట్లు వాడే ప్రాసెసర్ ఒకటి ఉందనుకుందాం. దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించడానికి 1.40 వోల్టులు ఇవ్వాల్సి వస్తే వాడకం 151 వాట్లకు చేరుతుంది. వేగం 11 శాతం పెరిగింది, వేడి 51 శాతం పెరిగింది. ట్రాన్సిస్టర్లు ఊరికే ఉన్నప్పుడు కూడా కారిపోయే లీకేజీ కరెంటు ఈ లెక్కలో లేదు.

కూలర్ చేసే పనల్లా ఆ వేడిని గది గాలిలోకి తోసెయ్యడం. 100 వాట్ల దగ్గర మన కూలర్ ప్రాసెసర్‌ని గది కంటే 45 డిగ్రీలు ఎక్కువలో నిలబెడుతోందంటే, 151 వాట్ల దగ్గర ఆ తేడా 68 డిగ్రీలవుతుంది. గది 25 డిగ్రీలుంటే చిప్ 93లో ఉంటుంది, ఎలాగో నెట్టుకొస్తుంది. గది 37 డిగ్రీలైతే 105. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరసలో ఎక్కువవాటికి 95, రైజెన్ 7800 ఎక్స్3డికి 89. అంటే అదే సెట్టింగు డిసెంబరులో నడిచి మేలో కూలబడుతుంది.

హద్దు తగిలిన ప్రాసెసర్ వెంటనే కాలిపోదు. తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మితిమీరితే కంప్యూటర్ని ఆపేస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరికి ఈ ఏర్పాటు కొత్త కాదు: బాయిలర్‌లో ఆవిరి ఒత్తిడి మించితే సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. కానీ ఆ వాల్వు మీదే భరోసా పెట్టి రోజూ బాయిలర్ నడిపేవాళ్లు ఉండరు. ఎండాకాలంలో, పూర్తి లోడు మీద కూడా, 85 డిగ్రీలు దాటని సెట్టింగునే నేను మంచి సెట్టింగు అంటాను.

వేడికి ఇలా కాపలా ఉంది. వోల్టేజి చేసే హానికి అలాంటి కాపలా లేదు. అందుకే నాకు దాని గురించే ఎక్కువ బెంగ.

చిప్‌లోపలి సన్నని రాగి తీగల్లో పరుగెత్తే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువుల్ని కొద్దికొద్దిగా ముందుకు నెడుతుంటాయి. ఒకచోట ఖాళీ ఏర్పడుతుంది, ఇంకోచోట లోహం పోగుపడుతుంది. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో దీనికి సమీకరణం ఇచ్చాడు: తీగలో కరెంటు సాంద్రత రెట్టింపైతే ఆయువు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఇంకా తగ్గుతుంది. దీనికి తోడు ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఇన్సులేషన్ పొర. దాని మందం కొద్ది నానోమీటర్లే. వోల్టేజి ఎక్కువైతే ఆ పొర బలహీనపడుతుంది. మొదట్లో 1.30 వోల్టులతో హాయిగా నడిచిన చిప్ కొన్నాళ్లకు అదే వేగానికి 1.35 అడుగుతుంది. మనం ఇస్తాం. అరుగుదల ఇంకా పెరుగుతుంది.

2024లో ప్రపంచమంతా దీన్ని చూసింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ఓవర్‌క్లాక్ చెయ్యనివి సహా, ఆటల మధ్యలో క్రాష్ అవుతూ వచ్చాయి. ప్రాసెసర్ తానే అవసరానికి మించిన వోల్టేజి అడగడం, ఆ వోల్టేజీ వేడీ కలిసి కోర్‌లోని క్లాక్ సర్క్యూట్‌ని ముందే ముసలి చెయ్యడం కారణాలని తేలింది. ఆగస్టులో ఇచ్చిన మైక్రోకోడ్ అప్‌డేట్‌తో ఇంటెల్ ఆ కోరికను 1.55 వోల్టుల దగ్గర ఆపింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లు మాత్రం బాగుపడలేదు. అంతకుముందు 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలాయి. మెమరీ వేగం పెంచే సెట్టింగు పెట్టినప్పుడు మదర్‌బోర్డులు ఎస్ఓసీ వోల్టేజిని (మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు అందేదాన్ని) పెంచెయ్యడమే అక్కడ ముఖ్యమైన చిక్కు. ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఇంట్లో లోవోల్టేజికీ ఈ చిప్ వోల్టేజికీ సంబంధం లేదు. గోడ దగ్గరి 230 వోల్టుల్ని ఎస్ఎంపీఎస్ 12కి దించుతుంది, మదర్‌బోర్డు దాన్ని ఒక వోల్టు చుట్టుపక్కలకి దించుతుంది. 1.2 వోల్టుల దగ్గర 150 వాట్లంటే 125 ఆంపియర్లు! ఇంటి మొత్తానికి రాని కరెంటు అగ్గిపెట్టె కంటే చిన్న చిప్‌లోకి పోతోంది. నాసిరకం మదర్‌బోర్డుతో ఓవర్‌క్లాకింగ్ వద్దనడం ఇందుకే.

మరి ఎంత వోల్టేజి? తరాన్నిబట్టి మారుతుంది. అన్ని కోర్లూ నిండా పనిచేసేటప్పుడు, 6 నుంచి 10 దాకా ఉన్న ఇంటెల్ 14 నానోమీటర్ల డెస్క్‌టాప్ తరాలకు 1.35, రైజెన్ 5000కి 1.25 దాటవద్దని నా సలహా. రైజెన్‌లో ఒకే కోర్ పనిచేసేటప్పుడు 1.45 కనిపిస్తే కంగారు వద్దు, అప్పుడు పారే కరెంటు తక్కువ. మనం చేత్తో స్థిరంగా పెట్టే 1.45 వేరు.

ఇక గదిని చల్లబరిచే మాటకొస్తే, ఉక్కబోత గాలిలో నీళ్ల కూలర్ గదిని పెద్దగా చల్లబరచదు, పైగా తేమ పెంచుతుంది. దాన్ని కంప్యూటర్ వైపు తిప్పవద్దు. దుమ్ము కంప్యూటర్ ఫిల్టర్లకు పడుతుంది, తరచుగా దులపాలి.

మన వాతావరణంలో నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది వోల్టేజి తగ్గించడమే. కొత్త ప్రాసెసర్లు కొంత వోల్టేజి మిగులుతోనే వస్తాయి. బయోస్‌లో వోల్టేజి ఆఫ్‌సెట్‌ను 0.02 వోల్టుల చొప్పున కిందికి దించుతూ, ప్రతిసారీ అరగంట సినీబెంచ్ అనే పరీక్షా ప్రోగ్రాం నడిపి చూడండి. చిప్ చల్లబడితే అది తనంతట తానే కొంత వేగం పెంచుకుంటుంది కూడా. క్రాష్ అయితే ఒక మెట్టు వెనక్కి రండి. ఆఖరి పరీక్ష మాత్రం, ఏసీ ఉంటే ఆపి, మిట్టమధ్యాహ్నం చెయ్యండి.