చిలుక దొరికిందా? పంజరం కొనే ముందు ఆగండి
గూడు జారిన పిల్లకు తొలి రెండు రోజులే కీలకం.. పాలు, బిస్కెట్లతో ప్రాణానికే ముప్పు

జగ్గంపేట: పచ్చని ఒళ్లు.. ఎర్రని ముక్కు.. మెడ చుట్టూ గులాబీ రంగు హారం.. రామచిలుకను చూసి ముచ్చటపడని తెలుగిల్లు ఉండదు. ఆ ముచ్చటే ఒక్కోసారి చిలుక పాలిట శాపంగా మారుతోంది. సంక్రాంతి దాటి ఎండలు ముదిరేలోగా మెట్ట గ్రామాల్లో చిలుక పిల్లలు మనుషుల చేతికి చిక్కడం ఏటా జరిగేదే. తల రాలిన తాటి మోడును నరికితే తొర్రలో నుంచి మూడు నాలుగు పిల్లలు బయటపడతాయి. గాలివానకు ఎండు కొమ్మ విరిగితే గూడుతో సహా నేలపాలవుతాయి. పండుగ రోజుల్లో గాలిపటాల మాంజా చుట్టుకుని రెక్క తెగిన పెద్ద చిలుకలు పెరట్లో పడుతుంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా చెట్ల కొమ్మలకు ఆ దారాలు వేలాడుతూనే ఉన్నాయి.

అలా దొరికిన పక్షిని జాలితో ఇంటికి తెచ్చినవారు మొదట చేసే పని గిన్నెలో పాలు పోసి అందులో బిస్కెట్ నానబెట్టడం. రెండో పని సంతకు వెళ్లి పంజరం కొనడం. ఈ రెండూ పొరపాటే. మొదటిది చిలుకకు హాని చేస్తుంది, రెండోది ఇంటి యజమానిని చట్టం ముందు నిలబెడుతుంది.

ఎవరి సొత్తు?

రామచిలుక కోడి, పావురాల వంటి పెంపుడు పక్షి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద రక్షణ పొందిన అడవి పక్షి. దేశీయ అడవి పక్షుల వ్యాపారంపై 1990 దశకం తొలినాళ్ల నుంచే నిషేధం ఉంది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. అప్పటి నుంచి రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది. పట్టినా, అమ్మినా, కొన్నా మూడేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. పైగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో దీన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకుముందు ఆ గౌరవం పాలపిట్టది. తెలంగాణకు ఇప్పటికీ పాలపిట్టే రాష్ట్ర పక్షి.

'మా తాతల నాటి నుంచి చిలుకను పెంచుతున్నాం, ఎవరూ అడగలేదే' అనేవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. చిలుక జోస్యం చెప్పేవారి పంజరం రోడ్డు పక్కనే కనిపిస్తుండగా ఇంట్లో ఉన్నదానికి తప్పేమిటన్న వాదనా వినిపిస్తుంది. అడగకపోవడం వేరు, అనుమతి ఉండడం వేరు. ప్రభుత్వ సొత్తుగా చట్టం పరిగణించే వన్యప్రాణి ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లోగా సమీప పోలీసు స్టేషనుకు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని 39వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో గ్రామీణులకు అందుబాటులో ఉండేది అటవీ రేంజి కార్యాలయం. గాయపడిన పక్షిని కాపాడి వెంటనే అప్పగించడానికి, దాచి పెంచుకోవడానికి మధ్య తేడా తేల్చేది ఈ సమాచారమే. కనుక ఫోను చేయడం మొదటి పని. సిబ్బంది వచ్చే వరకు, లేదా మనం తీసుకెళ్లే వరకు పక్షిని బతికించి ఉంచడం రెండో పని. ఇక్కడే తొలిసారి చిలుకను పట్టుకున్నవారికి తెలియవలసిన సంగతులు చాలా ఉన్నాయి.

పట్టే తీరులోనే ప్రాణం

గూడు చెక్కుచెదరకుండా ఉండి, పిల్ల ఒక్కటే జారి పడితే, గాయాలు లేనట్లయితే తిరిగి తొర్రలో పెట్టడమే అన్నిటికంటే మేలైన వైద్యం. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదన్న మాట పల్లెల్లో బలంగా ఉంది గానీ అది నిజం కాదు. పిల్లను వదిలి దూరంగా నిలబడితే తల్లిదండ్రులు అరుచుకుంటూ వస్తాయి. చెట్టే కూలిపోతే, గాయం ఉంటే, పిల్లి నోట పడితే మాత్రం చేతిలోకి తీసుకోక తప్పదు. పిల్లి పంటి గాటు పైకి చిన్నదిగా కనిపించినా లోపల చీము పట్టి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. అటువంటి పక్షికి ఆ రోజే వైద్యం అందాలి.

పెద్ద చిలుక ముక్కు గట్టి గింజల్ని చిట్లించే పనిముట్టు. వేలు అందితే రక్తం చూడకుండా వదలదు. మందపాటి తువ్వాలు పైన కప్పి, బొటనవేలు, చూపుడు వేలితో దవడలకు ఇరువైపులా తలను నిలిపి పట్టుకోవాలి. ఛాతీని మాత్రం నొక్కరాదు. మనకు ఊపిరి పీల్చడానికి పొట్టకు, ఛాతీకి మధ్య కండర పొర ఉంటుంది. పక్షికి అది లేదు. ఛాతీ ఎముక ముందుకు వెనక్కు కదిలితేనే గాలి లోపలికి వెళుతుంది. భయంతో గట్టిగా పట్టుకున్న పిడికిలిలోనే ఊపిరాడక చనిపోయే పక్షులున్నాయి.

అట్టపెట్టెకు చిన్న రంధ్రాలు పొడిచి, అడుగున గరుకైన నూలు బట్ట పరిచి, అందులో ఉంచి మూత వేయాలి. వార్తాపత్రిక నున్నగా ఉంటుంది. దానిపై పిల్ల కాళ్లు పక్కలకు జారి వంకర తిరిగే ప్రమాదం ఉంది. (పత్రికకు రాసేవాడే పత్రిక వేయవద్దని చెప్పవలసి రావడం వేరే సంగతి.) పెట్టెను చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో పెట్టాలి. వీధి పిల్లలందరూ వచ్చి మూత తీసి చూస్తుంటే బెదురుతోనే సగం శక్తి ఖర్చవుతుంది. తిరిగే సీలింగ్ ఫ్యాను కింద చిలుకను ఎప్పుడూ బయటకు తీయరాదు.

ముందు వెచ్చదనం.. తర్వాతే మేత

ఈకలు రాని పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. గూటిలో తల్లి పొట్ట కింద ఉండే వెచ్చదనాన్ని మనం కల్పించాలి. బాగా చిన్న పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, బట్ట చుట్టి పెట్టెలో ఒక మూలన ఉంచితే చాలు. బల్బు వాడితే పెట్టె వెలుపల ఒక వైపునే ఉంచాలి. వేడి ఎక్కువైతే పిల్ల రెండో వైపుకు జరిగే వీలుండాలి. నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని గుర్తు.

చల్లబడిన పిల్లకు మేత పెట్టడం అపాయకరం. చిలుక మెడ కింద మేత నిల్వ ఉండే సంచి ఉంటుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు ఆ సంచిలోని మేత కిందికి దిగదు, అక్కడే పులిసిపోతుంది. 'పొద్దున బాగా తిన్నది, సాయంత్రానికి చచ్చిపోయింది' అని ఆశ్చర్యపోయే ఇళ్లలో జరిగేది తరచూ ఇదే.

పాల విషయం. పక్షులు పాలు తాగి పెరిగే జీవులు కావు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి వాటికి లేదు. విరేచనాలు పట్టుకుంటాయి. పాలలో నానబెట్టిన రొట్టె, బిస్కెట్ కూడా అంతే. ఇక నీళ్లు. దాహంగా ఉందనుకుని ముక్కు తెరిచి చెంచాతో పోస్తే ప్రాణం పోవచ్చు. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం ద్వారం తెరుచుకుని ఉంటుంది. పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు కొసకు ఒక చుక్క తాకిస్తే పక్షి తానే చప్పరిస్తుంది. పిల్లల కోసం నీటిలో కలిపి తినిపించే చేతిమేత పొడి పట్టణాల్లోని పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. అది దొరికేలోగా ఏమి పెట్టాలో, ఎన్ని గంటలకొకసారి పెట్టాలో పిల్ల వయసును బట్టి పశువైద్యుడే చెప్పాలి. పక్కింటివారి సలహా ఇక్కడ పనికిరాదు.

ఈకలన్నీ వచ్చిన పెద్ద చిలుక అయితే పని కొంత తేలిక. జామకాయ, లేత మొక్కజొన్న కంకి, జొన్న, సజ్జ, మొలకెత్తిన పెసలు, మునగాకు, తోటకూర, క్యారెట్ ముక్కలు పెట్టవచ్చు. పచ్చిమిరపకాయ పెడితే మాటలు త్వరగా వస్తాయని మన పెద్దలు నమ్మేవారు. మాటల సంగతి ఎలా ఉన్నా మిరపకాయ మాత్రం చిలుకకు మంచిదే. మిరపలో కారం పుట్టించే పదార్థం పాలిచ్చి పెంచే జీవుల నాలుకనే మండిస్తుంది, పక్షులకు ఆ మంట తెలియదు. కేవలం గింజలతో సరిపెడితే ఎ విటమిన్ లోపించి నోటిలో, ముక్కులో పుండ్లు, శ్వాస జబ్బులు వస్తాయి. పొద్దుతిరుగుడు గింజలను ఇష్టంగా తింటుంది గానీ వాటిలో నూనె ఎక్కువ. కాఫీ, టీ, చాక్లెట్, ఉల్లి, పచ్చళ్లు, ఉప్పు చిరుతిళ్లు దగ్గరకు రానీయరాదు. దోమల చక్రం, అగరుబత్తి పొగ కూడా పక్షి ఊపిరితిత్తులకు మనకంటే త్వరగా హాని చేస్తాయి. మాడిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే ఆవిరి నిమిషాల్లో చంపగలదు.

గాయానికి పసుపు, సున్నం, నెయ్యి, కిరోసిన్ పూసే అలవాటు మానుకోవాలి. జిడ్డు అంటిన ఈకలు ఒంటి వేడిని నిలపలేవు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో కొద్ది నిమిషాలు అదిమి పట్టి, పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. విరిగిన రెక్కకు పుల్లలు కట్టే ప్రయోగాలు ఇంట్లో చేయరాదు. మండల స్థాయి పశువైద్యుడికి పక్షుల శస్త్రచికిత్సలో అనుభవం లేకుంటే గన్నవరం, గరివిడి, తిరుపతి పశువైద్య కళాశాలలకు గానీ, విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలలకు గానీ పంపే విషయాన్ని అటవీ సిబ్బందితో మాట్లాడవచ్చు.

మచ్చిక చేస్తే వనవాసం దూరం

అసలు చిక్కు పక్షి కోలుకున్నాకే మొదలవుతుంది. వారం రోజులకు పిల్ల మనిషిని చూసి నోరు తెరుస్తుంది. నెలకు భుజమెక్కుతుంది. 'రామ రామ' అంటుంది. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. చిలుక వైపు నుంచి చూస్తే జరుగుతున్నది మరొకటి. అడవి చిలుక గుంపులో పెరుగుతుంది. ఏ చెట్టు పండు తినదగినదో, డేగ వస్తే ఏ కేక పెట్టాలో, రాత్రికి ఏ చెట్టుపై చేరాలో తోటి చిలుకల నుంచి నేర్చుకుంటుంది. మనిషి పలుకు నేర్చిన పిల్లకు ఆ చదువు అబ్బదు. పిల్లిని చూసి పారిపోదు, మనిషిని చూసి వాలుతుంది. కనుక సంరక్షణ కేంద్రాల్లో పిల్లలను ఒంటరిగా కాక తోటి పిల్లలతో కలిపి పెంచుతారు, వాటితో మాట్లాడరు, విశాలమైన పంజరంలో ఎగరడం నేర్పి గుంపులుగా వదులుతారు. ఇంట్లో ఆ ఏర్పాటు సాధ్యం కాదు. అప్పగించే వరకు ఉన్న ఆ ఒకటి రెండు రోజులైనా పేరు పెట్టకుండా, మాట నేర్పకుండా ఉండడమే దానికి మనం చేసే ఉపకారం. ఇంట్లో చిన్నపిల్లలకు ఈ సంగతి నచ్చజెప్పడం అంత సులభం కాదన్నది ఒప్పుకోవలసిందే.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరిగే తప్పు కూడా ఉంది. పుణ్యం వస్తుందని పంజరంలో ఏళ్ల తరబడి ఉన్న చిలుకను ఏదో ఒక పర్వదినాన గాలిలోకి విసరడం. రెక్కలు కత్తిరించిన పక్షికి కొత్త ఈకలు పాతవి రాలితేనే వస్తాయి. అందుకు నెలలు పడుతుంది. ఈలోగా విసిరితే పది గజాలు ఎగిరి కాకుల పాలవుతుంది. అటువంటి చిలుకనూ అటవీ శాఖకే అప్పగించాలి. ఇక ఎగరలేని స్థితిలో ఉంటే జీవితాంతం ఎక్కడ ఉంచాలన్నది వారు నిర్ణయిస్తారు. బందీగా చిలుక ఇరవై ఏళ్లకు పైబడి బతకగలదు.

విదేశీ చిలుకలు ఎగిరివస్తే?

ఎవరింటి నుంచో తప్పించుకున్న కాకటీల్, లవ్‌బర్డ్ వంటివి మేడలపై వాలడం పట్టణాల్లో తరచుగా కనిపిస్తోంది. ఇవి మన అడవి పక్షులు కావు, బయట బతకలేవు. ముందు యజమాని కోసం వెతకాలి. దొరకకపోతే పెంచుకునేవారు ఆ జాతికి నమోదు అవసరమా అన్నది చూసుకోవాలి. ఆఫ్రికన్ గ్రే వంటి అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోని జాతులను 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 'పరివేష్' పోర్టల్‌లో నమోదు చేయించాలి.

దేశీయమైనా విదేశీయమైనా చిలుకను ముట్టినవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎండిన రెట్ట దుమ్ము నుంచి సిట్టకోసిస్ అనే జబ్బు మనుషులకు సోకవచ్చు. పెట్టె శుభ్రం చేసేటప్పుడు బట్టను తడిపి తీయడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. ఆ తర్వాతి రోజుల్లో జ్వరం, పొడి దగ్గు వస్తే పక్షిని పట్టిన సంగతి వైద్యునికి చెప్పాలి. పెరట్లోని కోళ్లకు, దొరికిన చిలుకకు ఒకే నీటి తొట్టి వాడరాదు.

అప్పగించే రోజున పెట్టెపై ఒక కాగితం అంటించాలి. ఏ తేదీన, ఏ ఊరి ఏ చెట్టు కింద దొరికింది, ఏమి తినిపించారు, ఎన్ని గంటలకు తినిపించారు అన్న వివరాలు అందులో ఉండాలి. కోలుకున్నాక దొరికిన చోటికి దగ్గర్లోని గుంపులోనే వదలడానికి సిబ్బందికి ఆ చిరునామా అవసరమవుతుంది. బస్సులో తీసుకెళ్లేటప్పుడు పెట్టెను ఒడిలోనే ఉంచుకోవాలి. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టరాదు. పక్షిని తీసుకున్నట్లు కార్యాలయంలో రాతపూర్వకంగా ఒక రసీదు అడిగి తీసుకోవడం మరువరాదు.