మీకు తెలుసా? ఆ రోజు అందరి వీపు మీదా 42 నంబరే!

● ఏటా ఏప్రిల్ 15న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాళ్లు, కోచ్‌లు, అంపైర్లు అందరూ 42 నంబరు జెర్సీయే వేసుకుంటారు. 1947లో అదే రోజున ఆ నంబరుతో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి, అప్పటిదాకా నల్లజాతివాళ్లకు మూసి ఉన్న మేజర్ లీగ్ తలుపు తెరిచాడు.

● నల్లజాతివాళ్లు ఆడకూడదని మేజర్ లీగ్ రూల్స్‌లో ఎక్కడా రాసి లేదు. జట్ల యజమానుల లోపాయికారీ ఒప్పందమే వాళ్లను గడప తొక్కనివ్వలేదు. 1884లో టొలీడో జట్టుకు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడాక, మళ్లీ తలుపు తెరుచుకోవడానికి 60 ఏళ్లు దాటింది.

● రానివ్వకపోతేనేం అంటూ 1920లో నల్లజాతి ఆటగాళ్ల కోసం రూబ్ ఫాస్టర్ ‘నీగ్రో నేషనల్ లీగ్’ స్థాపించాడు.

● రాబిన్సన్ వచ్చాక కూడా అన్ని జట్లూ ఒక్కసారిగా మారలేదు. బోస్టన్ రెడ్ సాక్స్ తొలి నల్లజాతి ఆటగాడిని ఆడించింది 1959లోనే!

● 2024లో నీగ్రో లీగ్‌ల లెక్కల్ని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపారు. దాంతో నీగ్రో లీగ్‌ల్లో ఆడిన జోష్ గిబ్సన్ .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో, అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి చేరాడు. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వని గిబ్సన్, రాబిన్సన్ బరిలోకి దిగడానికి మూడు నెలల ముందే కన్నుమూశాడు.