డెస్క్‌టాప్ అసెంబుల్ చేయిస్తున్నారా? కొటేషన్‌లో ఇవి చూడకపోతే చౌక బేరం కాస్తా ఖరీదైపోతుంది!

కొడుక్కి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. డెస్క్‌టాప్ కొనాలి. చేతిలో 60 వేలున్నాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోటికి వెళ్లారనుకుందాం. మూడు షాపులు తిరిగితే మూడు రేట్లు. ఒకరు 50 వేలన్నారు, ఇంకొకరు 54 వేలు, మూడో ఆయన 57 వేలకి పైసా తగ్గనన్నాడు. మరి ఏది చౌక?

50 వేలదే కదా అనిపిస్తుంది. కానీ అక్కడే చాలామంది దెబ్బతింటారు. సొంత బిల్డ్‌లో మంచి డీల్ అంటే తక్కువ రేటు ఒక్కటే కాదు. ఆ రేటులో ఏముంది, ఏం లేదు అన్నదే అసలు లెక్క. అదేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు జీఎస్టీ సంగతి తేల్చండి

ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు.. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొటేషన్ చివర చిన్న అక్షరాల్లో 'ప్లస్ జీఎస్టీ' అని ఉంటే 50 వేల మీద మరో 9 వేలు పడుతుంది. మొత్తం 59 వేలు. అంటే జీఎస్టీ కలిపి 57 వేలు చెప్పిన షాపే 2 వేలు తక్కువ!

ఇక్కడే ఇంకో మాట వినిపిస్తుంది. "బిల్లు వద్దంటే తగ్గిస్తా అన్నా" అని. ఆ మాటకు పడిపోవద్దు. ఏడాది తర్వాత బోర్డు పోతే సర్వీస్ సెంటర్ వాళ్లు అడిగే మొదటి కాగితం ఆ బిల్లే. బిల్లు మీద ప్రతి పార్టు మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోవాలి. 'కంప్యూటర్ సెట్ 1' అని ఒక్క లైన్‌లో రాసిస్తే తర్వాత ఇబ్బందే.

పేరు లేని పార్టు కనిపిస్తే ఆగండి

ఇప్పుడు 54 వేల కొటేషన్ చూద్దాం. అందులో 'ఎస్‌ఎంపీఎస్ 500 వాట్స్' అని ఉంది. కంపెనీ పేరు లేదు. రేటు తగ్గించాలంటే ముందు కోత పడేది ఇక్కడే. ఎందుకంటే కొనేవాళ్లు ప్రాసెసర్ గురించి అడుగుతారు కానీ ఎస్‌ఎంపీఎస్ గురించి అడగరు.

కానీ కంప్యూటర్ మొత్తానికి కరెంటు ఇచ్చేది అదే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ కూడా తీసుకుపోతుంది. వోల్టేజ్ ఎక్కువ తక్కువలు అయ్యే ఊళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ. అట్ట మీద '80 ప్లస్' గుర్తు ఉంటే మంచిదే. అయితే అది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గుర్తు మాత్రమే, ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పదు. అందుకే కంపెనీ పేరు, మోడల్, ఎన్నేళ్ల వారంటీ.. మూడూ చూడాలి.

అదే కొటేషన్‌లో ప్రాసెసర్ పక్కన 'ట్రే' అని ఉంటే అదీ గమనించండి. ట్రే అంటే కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలకు గుత్తగా అమ్మే సరుకు. బాక్స్ ఉండదు, చాలావరకు కూలర్ కూడా రాదు. బాక్స్ ప్రాసెసర్‌కి ఇంటెల్, ఏఎండీ మామూలుగా 3 ఏళ్ల వారంటీ ఇస్తాయి. ట్రే ప్రాసెసర్‌కి మాత్రం అమ్మిన షాపే దిక్కు.

పేరు ఒకటే.. సరుకు వేరు

కొన్ని పార్టులు ఒకే పేరుతో రెండు రకాలుగా వస్తాయి. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డునే తీసుకోండి. 8 జీబీ, 6 జీబీ అని రెండున్నాయి. తేడా 2 జీబీ మెమరీ ఒక్కటే అనుకుంటారు. నిజానికి 6 జీబీ కార్డులో కోర్లు కూడా తక్కువ, 2560 బదులు 2304. స్పీడూ తగ్గుతుంది. 8 జీబీ రేటు పెట్టి 6 జీబీ తెచ్చుకుంటే నష్టపోయినట్టే.

ఎస్‌ఎస్‌డీల్లోనూ ఇదే తంతు. బోర్డు మీద బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీ చూడ్డానికి ఒకేలా ఉన్నా, లోపల సాటా రకమైతే సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ రకమైతే దానికి ఎన్నో రెట్లు వెళ్తుంది. 'ఎం.2' అని రాస్తే సరిపోదు, ఏ రకమో రాయించుకోండి.

ఇంటెల్ ప్రాసెసర్ నంబర్ చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. రేటు తక్కువే, కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కోడింగ్, చదువు కోసమే అయితే ఎఫ్ లేనిది తీసుకుని గ్రాఫిక్స్ కార్డు ఖర్చే మిగుల్చుకోవచ్చు.

ర్యామ్ రేటు ఎందుకంత పెరిగింది?

'కొన్నాళ్లు ఆగితే తగ్గుతుంది' అనేది కంప్యూటర్ పార్టుల విషయంలో పాత సూత్రం. ర్యామ్ విషయంలో అది తిరగబడింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ రేట్లు రెట్టింపు దాటాయి.

కారణం ఏఐ. ప్రపంచంలో మెమరీ చిప్‌లు ఎక్కువగా తయారుచేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. మనం కొనే ర్యామ్‌కి కొరత వచ్చింది. మైక్రాన్ అయితే 'క్రూషియల్' పేరుతో నడిపే రిటైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

మరి ఏం చేయాలి? ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ముందు దాని మూత తీసి చూడండి. డీడీఆర్4 ర్యామ్ ఉంటే అదే పెద్ద పొదుపు. ఏఎండీ ఏఎం4 బోర్డులన్నీ డీడీఆర్4తోనే నడుస్తాయి. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లకు డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. బోర్డు కొనేటప్పుడే ఏదో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదాని స్లాట్‌లో రెండోది పట్టదు. ల్యాప్‌టాప్ ర్యామ్ సైజు వేరు కాబట్టి అది పనికిరాదు.

సేల్ రేటు నిజమేనా?

దసరా, దీపావళికి ఆన్‌లైన్ సైట్లలో సేల్స్ హోరెత్తుతాయి. కొట్టేసిన ఎంఆర్‌పీ పక్కన '60 శాతం తగ్గింపు' అని కనిపిస్తుంది. ఆ ఎంఆర్‌పీకి మార్కెట్‌లో ఎవరూ అమ్మరు. కాబట్టి తగ్గింపు శాతం కాదు, గత కొన్ని నెలల్లో ఆ పార్టు ఎంతకు అమ్ముడైందో చూడాలి. కీపా లాంటి టూల్స్‌లో పాత రేట్ల గ్రాఫ్ కనిపిస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐలోనూ ఓ మెలిక ఉంది. వడ్డీ మేరకు ముందే డిస్కౌంట్ ఇస్తారు కానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. పార్సిల్ వచ్చాక సీల్ తీసే దగ్గర్నుంచి సీరియల్ నంబర్ కనిపించేదాకా కట్ లేకుండా వీడియో తీసుకోండి. తేడా వస్తే అదే ఆధారం.

సెకండ్ హ్యాండ్‌లో ఏది కొనొచ్చు, ఏది వద్దు?

ప్రాసెసర్, ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కాస్త ధైర్యంగా కొనొచ్చు. ప్రాసెసర్ పిన్నులు వంగలేదా చూసుకుని, ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86తో పరీక్షిస్తే చాలావరకు తెలిసిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర జాగ్రత్త. క్రిప్టో మైనింగ్‌లో నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఎన్నో పాత సామాన్ల మార్కెట్‌కి వచ్చాయి. ఎదురుగా పీసీలో పెట్టించి కనీసం 20 నిమిషాలు గేమ్ నడపమనండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే, పాత కార్డుకి కొత్త పేరు పెట్టి అమ్ముతున్న నకిలీలు చాలావరకు దొరికిపోతాయి. పాత ఎస్‌ఎస్‌డీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎన్ని గంటలు వాడారో చూడొచ్చు. ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్ మాత్రం పాతవి వద్దు.

అమెరికా నుంచి తెప్పిస్తే?

డాలస్‌లో ఉన్న అన్నయ్యో, బావో వస్తున్నారంటే 'ఒక గ్రాఫిక్స్ కార్డు పట్రా' అనడం మన ఇళ్లలో మామూలే. రేటు తేడా ఉంటే లాభమే. కానీ చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. పాడైతే మళ్లీ అక్కడికే పంపాలి. కస్టమ్స్ పరిమితి కూడా ముందే చూసుకోవాలి.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

షాపు వాళ్లు వారంటీ ఎగ్గొట్టినా, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటైనా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వెళ్లాలి. అయితే దేనికైనా చేతిలో బిల్లు ఉండాల్సిందే.

ఇప్పుడు మళ్లీ ఆ మూడు కొటేషన్ల దగ్గరికి వద్దాం. 50 వేలది జీఎస్టీతో 59 వేలైంది. 54 వేలదాంట్లో పేరు లేని ఎస్‌ఎంపీఎస్, ట్రే ప్రాసెసర్ ఉన్నాయి. 57 వేల ఆయన ప్రతి పార్టుకీ మోడల్ నంబర్ రాసి, జీఎస్టీ కలిపి, బాక్స్ సరుకు ఇస్తున్నాడు. 60 వేలు పట్టుకుని వెళ్లిన తండ్రికి మిగిలేది 3 వేలే కావచ్చు. కానీ నాలుగేళ్ల చదువు అయ్యేదాకా ఆ కంప్యూటర్‌కి దిక్కుగా నిలబడేది ఆ బిల్లే.