కుదుపులకు కళ్లెం... మన చేతిలోనే!

స్పీడ్ బ్రేకర్ దాటాక మీ కారు ఎన్నిసార్లు ఊగుతోంది? ఒకసారి లేచి, దిగి ఊరుకుంటే సరే. రెండోసారీ మూడోసారీ ఉయ్యాలలా ఊగుతోందంటే మాత్రం చక్రాల దగ్గర చూడాల్సిన పని ఏదో ఉందన్నమాట. ఈ చిన్న సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

అమ్మకి నడుం దగ్గర డిస్కు జారింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఓ రోజు కారు దిగుతూ, "రేపట్నుంచి నేను ఆటోలో వెళ్తాలేవే. నీ కారు కన్నా అదే నయం" అంది. నవ్వుతూనే అంది గానీ చెయ్యి నడుం మీంచి తియ్యలేదు. ఆ వారంలోనే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తున్నా. సన్నగా వాన. వంపులో ఒక అతుకు దాటగానే కారు వెనక భాగం పక్కకి జరిగినట్టయింది. జరిగింది జానెడే. కానీ చేతులు ఇంటికొచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు మెకానిక్ వెనక చక్రం పక్కన టార్చి వేసి చూపించాడు. షాకబ్జర్ ఒళ్లంతా నూనె కారి, దుమ్ము పట్టి నల్లగా ఉంది. టైరు మీద చెయ్యి పెట్టి రాయమన్నాడు. అక్కడక్కడ గుంటలు తగిలాయి. చక్రం నేలని అంటిపెట్టుకోకుండా గెంతుతోందనడానికి అదే గుర్తట. బండి 70 వేల కిలోమీటర్లు తిరిగింది మరి!

"ఒరిజినల్‌వే వేయించెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు మా వారు. ఆయన మాటలో తప్పేం లేదు. నూటికి తొంభై మందికి అదే మంచిది కూడా. కానీ నాది చిన్న టర్బో ఇంజిన్ హ్యాచ్‌బ్యాక్. రోజూ ఆఫీసుకి ఒక్కదాన్నే వెళ్తాను, చురుగ్గా నడపడం నాకిష్టం. అదే కారులో సాయంత్రం అమ్మ ఎక్కాలి. ఇద్దరికీ సరిపోయేలా గట్టితనం మార్చుకునే షాకబ్జర్లుంటాయని అప్పుడే తెలిసింది. ఖర్చు ఒరిజినల్ వాటికి రెండింతల పైనే అయింది. ఆ నెల చిట్టీ డబ్బులు అటే పోయాయి.

అసలు అది చేసే పనేంటి?

కుదుపుని మింగేది షాకబ్జర్ అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి బరువు మోసేదీ, గుంతలో పడ్డప్పుడు నొక్కుకునేదీ స్ప్రింగే. షాకబ్జర్ లేకపోతే ఆ స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపడమే దీని పని. లోపల నూనె, అందులో కదిలే పిస్టన్, దానికి సన్నని దారులూ వాల్వులూ ఉంటాయి. హోలీనాడు పిల్లలు పట్టుకునే పిచికారీని గుర్తు తెచ్చుకోండి. మెల్లగా నొక్కితే నీళ్లు సులువుగా వస్తాయి. గబుక్కున నొక్కితే మొరాయిస్తుంది. ఇదీ అంతే. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చిన కారు షాకబ్జర్ తాకి చూస్తే వెచ్చగా ఉండేది అందుకే.

ఇందులో రెండు కదలికలున్నాయి. చక్రం పైకి వచ్చినప్పుడు నొక్కుకోవడం ఒకటి, తిరిగి సాగడం రెండోది. సామాన్యంగా సాగేటప్పుడే ఎక్కువ అడ్డు ఉండేలా తయారుచేస్తారు. మార్చుకునే రకాల్లో చాలావాటికి మనం తిప్పేది ఈ రెండోదాన్నే. నెదర్లాండ్స్‌కి చెందిన కోనీ వారి పసుపురంగు స్పోర్ట్ షాకబ్జర్లు అలాంటివే. ఈ కంపెనీ 1857లో గుర్రాలకు పగ్గాలూ తోలు సామానూ చేస్తూ మొదలైందంటే నమ్ముతారా? జపాను కంపెనీ టీన్ వారి వాటిలో 16 మెట్లుండేవి ఉన్నాయి. వాటి లెక్క గట్టి వైపు నుంచి మొదలవుతుంది. కాబట్టి పెట్టెలో వచ్చిన కాగితం పారేయకండి.

ఒక్కమాట. ఈ మర తిప్పితే కారు ఎత్తు మారదు. పెద్ద వంపులో కారు ఒరిగేది కూడా చివరికి అంతే ఒరుగుతుంది, ఎంత త్వరగా ఒరుగుతుందన్నదే మారుతుంది.

బిగించే రోజు పక్కనే కూర్చోండి

స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి కార్లన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్ ఉంటాయి. వెనకవి విప్పడం తేలిక, స్ప్రింగు వేరే ఉంటుంది కాబట్టి. ముందు వాటిలో మాత్రం స్ప్రింగు షాకబ్జర్ చుట్టూ నొక్కి ఉంటుంది. దాన్ని రెండువైపులా కంప్రెసర్ కొక్కేలతో బిగించి, అణిచిన తర్వాతే పై నట్టు విప్పాలి. తొందరపడి ముందే నట్టు విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా వస్తుంది. దయచేసి యూట్యూబు చూసి ఇంట్లో ఈ పని పెట్టుకోకండి. నాకూ ఉబలాటం పుట్టింది, మానుకున్నాను.

నాలుగూ మార్చలేకపోతే కనీసం ఒక ఇరుసుకి రెండూ కలిపే మార్చాలి. పై మౌంటు, బేరింగు, బంప్ స్టాప్ రబ్బరు, దుమ్ము తొడుగు పాతవే వేస్తానంటే ఒప్పుకోకండి. మళ్లీ విప్పడానికి కూలీ అంతే అవుతుంది. మెరిసే పిస్టన్ కడ్డీని పటకారుతో పట్టుకోనివ్వకండి. గీత పడితే సీలు చిరిగి, కొత్తదీ కారడం మొదలెడుతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగిపోకుండా వాటి చోట్లో ఉన్నాయా చూడండి.

నా కారు విషయంలో జరిగిన పొరపాటు ఇంకొకటి. వెనక కింది బోల్టులు కారు లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగానే గట్టిగా బిగించేశారు. అలా చేస్తే కారు దించగానే లోపలి రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. కారు బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

ఇక అసలు ఘనకార్యం. "స్పోర్టీ కారు కదా మేడం" అంటూ నాలుగూ పూర్తి గట్టికి తిప్పి పంపించారు! వీధి చివర వచ్చేసరికే పళ్లు టకటకలాడాయి. కొత్త షాకబ్జర్లకి అలవాటు పడాలేమోనని రెండ్రోజులు ఓపిక పట్టాను. అమ్మ ఒక్కరోజే పట్టింది. "ఎడ్లబండికి గడ్డయినా పరుస్తారు" అని దిగిపోయింది.

ఎక్కువ గట్టి చేస్తే వచ్చే చిక్కు ఒళ్లు నొప్పులొక్కటే కాదు. వరసగా గతుకులొస్తే స్ప్రింగు మళ్లీ సాగేలోపే ఇంకో గతుకు వచ్చి పడుతుంది. కారు కొంచెం కొంచెంగా కిందికి దిగిపోయి బంప్ స్టాప్‌ల మీద నడుస్తుంది. చక్రం గుంతలోకి దిగలేక గాల్లో తేలుతుంది. అప్పుడు బ్రేకు వేస్తే పట్టు దొరకదు. మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు.

పాల లెక్క పుస్తకంలో షాకబ్జర్ల లెక్క

మూడు ఆదివారాలు పట్టింది నాకు. ముందుగా నాలుగు టైర్ల గాలీ డ్రైవరు పక్క డోరు దగ్గర రాసున్నంత పెట్టించాను. గాలి తేడా ఉంటే షాకబ్జర్ తిప్పి లాభం లేదు. తర్వాత నాలుగూ పూర్తి మెత్తకి. నావి మొత్తం రెండు చుట్లు తిరుగుతాయి. ముందువి బానెట్ తీసి పైనుంచి చేత్తోనే తిప్పొచ్చు. చివర ఆగిన చోట బలవంతం చేస్తే లోపల విరుగుతుంది. వెనకవి ఊడదీసి, కడ్డీ పూర్తిగా కిందికి నొక్కి తిప్పే రకం. కొనేముందు ఇది అడగాల్సింది, నేను అడగలేదు.

ఒకే దారి, ఒకే వేగం, ఒకేసారి ఒక ఇరుసు మాత్రమే మార్చడం. నియమం ఇంతే. ఎడమ కుడి ఎప్పుడూ సమానంగా ఉండాలి. మా కాలనీలో రెండు స్పీడ్ బ్రేకర్లూ, ఒక అతుకుల రోడ్డూ, తర్వాత ఎక్స్‌ప్రెస్‌వే నా పరీక్షా కేంద్రాలు. (స్పీడ్ బ్రేకరంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. మా వీధిలోవి చిన్న గోడలు!) వెనక సీటు కింద మూతలేని గిన్నెలో సగానికి నీళ్లు పోసి పెట్టేదాన్ని. మా పాప నవ్వింది గానీ ఆ గిన్నె అబద్ధం చెప్పదు.

పూర్తి మెత్తలో స్పీడ్ బ్రేకర్ హాయిగా దాటింది, తర్వాత ఇంకోసారి తేలింది. ముందు పావు చుట్టు గట్టి చేశాను. ఇంకో పావు. అర చుట్టు దగ్గర తేలడం ఆగిపోయింది. ముప్పావుకి వెళ్తే అతుకుల రోడ్డు మీద స్టీరింగు చిటపటలాడింది. వెనక్కి, అర చుట్టుకే వచ్చేశాను. వెనక చక్రాలకి పావు చుట్టుతో సరిపెట్టాను. ముందు చక్రాలు నడిపే కార్లలో వెనక గట్టి చేస్తే బండి చురుగ్గా తిరుగుతుందని కుర్రాళ్లు చెబుతారు. నిజమే. కానీ వానలో తోక జారేదీ అప్పుడే. నాకా సరదా ఎక్స్‌ప్రెస్‌వే మీదే తీరిపోయింది.

కొనేవాళ్లు మరచిపోకూడనిది ఒకటుంది. తయారీదారు చెప్పినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ మోడల్‌కే చేసినవి, ఎత్తు మారనివి తీసుకోండి. ఆర్టీవో ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ ముందే అడగండి. వారంటీ ఉన్న కారైతే కొన్నాళ్లు ఆగడం మేలు.

ఇప్పుడు పాల లెక్క పుస్తకం వెనక పేజీలో ఇలా ఉంది: "ఒక్కదాన్నే - ముందు అర. అమ్మ ఉంటే - ముందు పావు. వెనక ఎప్పుడూ పావు." మంగళ, శుక్రవారాలు బయల్దేరేముందు బానెట్ ఎత్తి రెండు మరలూ వెనక్కి తిప్పుతాను. నిమిషం పని. అమ్మ అప్పటికే వెనక సీట్లో కూర్చుని, "అయిందా? టైమవుతోంది" అంటుంది.